దగ్గు తగ్గింది, మరి మందు మానవచ్చా?



మా ఇందుకూరుపేట నుంచి మైపాడు దారి పట్టుకుని సముద్రంవైపు పోతుంటే రోడ్డుకు అటూ ఇటూ రొయ్యల గుంటలు కనిపిస్తాయి. అర్ధరాత్రి దాటాక కరెంటు పోయిందంటే కాపలా మనిషి ఉలిక్కిపడి లేచి జనరేటరు దగ్గరికి పరుగెత్తుతాడు. నీళ్ళను చిలికే ఏరియేటర్ల చక్రాలు ఆగిపోతే తెల్లవారేసరికి రొయ్యలు ఊపిరాడక నీటి పైభాగానికి వచ్చేస్తాయి. నీటిని పచ్చగా ఉంచే సూక్ష్మమైన శైవలాలు పగలంతా ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తాయి. రాత్రయితే తయారీ ఆగిపోతుంది, పీల్చుకోవడం మాత్రం ఆగదు. అంచేత తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది.

ఇదే గుంటను పంట తీశాక చూడండి. అడుగున నల్లటి బురద, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుది. దాన్ని తయారుచేసినవి బాక్టీరియాలే. ఆక్సిజన్ చొరబడని ఆ బురదలో అవి హాయిగా బతుకుతున్నాయి! రొయ్యకు ప్రాణం పోయే చోట వాటికి ప్రాణం పోదు.

‘ఆక్సిజన్ లేనిదే ఏ జీవీ బతకదు’ అని పరీక్షలో రాస్తే చాలా ఏళ్ళు నేను టిక్కు పెట్టి మార్కు వేశాను. ఆ వాక్యం సగమే నిజం. మిగతా సగం తెలియకపోవడం వల్ల మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. ఇది నాకు పుస్తకం చదివి తెలిసిన సంగతి కాదు.

కొన్నేళ్ళ కిందట పదో తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. వాళ్ళ నాయన రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా ఉండేవాడు. ఆయనకు క్షయ అని తేలింది. ప్రభుత్వాసుపత్రిలో మాత్రలు ఇచ్చారు. రెండు నెలలు తిరిగేసరికి దగ్గు పోయింది, జ్వరం పోయింది, ఆకలి పుట్టింది, ఒంటికి కాస్త కండ పట్టింది. ఒకరోజు ఆ కుర్రవాడు ఎదురుపడి, “నాయనకు పూర్తిగా తగ్గిపోయింది సార్, మాత్రలు కూడా ఆపేశాడు” అన్నాడు. వాడి ముఖం వెలిగిపోతోంది. నేను వాడి భుజం తట్టి “సంతోషంరా” అన్నాను.

ముప్ఫై ఏళ్ళుగా సైన్సు చెబుతున్నవాణ్ణి. ఆ క్షణంలో నేననవలసిన మాట ‘సంతోషం’ కాదు. ఏమనవలసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మూడు రకాల బాక్టీరియాలు

ఆక్సిజన్ లేకుండా జీవించే ప్రాణులున్నాయని 1861లో లూయీ పాశ్చర్ గమనించాడు. సూక్ష్మదర్శిని కింద ఒక బొట్టును చూస్తుంటే, గాలి తగిలే అంచుల్లో ఉన్న బాక్టీరియాలు కదలిక లేకుండా పడి ఉన్నాయి. గాలి తగలని నడిమి భాగంలో ఉన్నవి చురుకుగా ఈదుతున్నాయి. వాటికి ఆక్సిజనే విషం!

ధనుర్వాతం తెచ్చే బాక్టీరియా ఇటువంటిదే. 1889లో కిటసాటో అనే జపాను శాస్త్రజ్ఞుడు గాలి తగలకుండా పెంచి దాన్ని విడిగా పట్టుకోగలిగాడు. మేకు దిగిన గాయం పైకి చిన్నదిగా కనిపిస్తుంది. లోపల లోతుగా, గాలి తగలకుండా ఉంటుంది. అటువంటి గాయానికి ఇంజక్షను ఎందుకు వేయించుకోవాలో ఇప్పుడు మీరే చెప్పగలరు.

రెండో రకం రెండు విధాలా బతకగలిగినవి. ఆక్సిజన్ ఉంటే వాడుకుంటాయి, లేకపోతే కిణ్వ ప్రక్రియతో కాలం గడుపుతాయి. మన పేగుల్లో ఉండే ఇ. కోలై ఇటువంటిది. రొయ్యలకు జబ్బులు తెచ్చే విబ్రియో జాతి బాక్టీరియాలూ ఇటువంటివే. ఆక్సిజన్ తగ్గిన రాత్రి రొయ్య నీరసించి జబ్బుకు తేలికగా లొంగుతుంది. విబ్రియోకు మాత్రం అంత ఇబ్బంది లేదు.

మూడో రకం ఆక్సిజన్ లేనిదే పెరగలేనివి. క్షయ క్రిమి ఈ కోవకు చెందుతుంది. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ దీన్ని లోకానికి చూపించాడు. ఇది ఊపిరితిత్తుల పైభాగంలో స్థిరపడటం ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఆక్సిజన్ ఎక్కువ. మందులు లేని రోజుల్లో శానిటోరియాల వైద్యులు ఛాతీలోకి గాలి ఎక్కించి జబ్బు పడిన ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసేవారు. ఊపిరితిత్తికి విశ్రాంతి దొరుకుతుంది, క్రిమికి ఊపిరాడదు అని వాళ్ళ ఆలోచన. కొందరికి మేలు జరిగింది. కొందరికి జబ్బు అణిగినట్టే అణిగి ఏళ్ళ తరవాత తిరగబెట్టింది.

ఆక్సిజన్ లేనిదే పెరగని క్రిమి, ఆక్సిజన్ అందకపోయినా ఏళ్ళ తరబడి ఎలా బతికింది? చిక్కుముడి ఇక్కడే ఉంది.

నీలిరంగు చెప్పిన కథ

ఈ ముడిని విప్పడానికి అమెరికాలో లారెన్స్ వేన్ అనే శాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి శ్రమించాడు. క్షయ క్రిములకు ఉన్నట్టుండి ఆక్సిజన్ తీసేస్తే చాలా భాగం చచ్చిపోయాయి. ఆక్సిజన్ కొద్దికొద్దిగా తగ్గుతూ పోతే మాత్రం చావలేదు! ఆయన 1982లో ఈ సంగతి వివరించాడు.

1996లో మరింత శుభ్రమైన ప్రయోగం చేసి చూపాడు. గట్టిగా మూసిన గాజు నాళికలో పోషక ద్రవం, కొద్దిపాటి గాలి, క్షయ క్రిములు ఉంచి మెల్లగా కలియబెడుతూ పోయాడు. లోపలి ఆక్సిజన్‌ను క్రిములే పీల్చి అవగొట్టాలి. ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి మిథిలీన్ బ్లూ అనే రంగు వాడాడు. ఆక్సిజన్ ఉన్నంతసేపు అది నీలం, అయిపోతే రంగు మాయం. ఆక్సిజన్ మామూలులో 1 శాతానికి పడిపోయేసరికి క్రిములు విభజన చెందడం ఆపేశాయి. 0.06 శాతానికి దిగేసరికి ఇంకా లోతైన నిద్రలోకి జారుకున్నాయి. ఆ స్థితిలో ఎన్నో రోజులు ఉంచి మళ్ళీ గాలి ఇస్తే లేచి పెరగడం మొదలుపెట్టాయి. ఇటువంటి నిద్ర నుంచి లేచిన క్రిములు బడి గంట కొట్టినట్టు అన్నీ ఒక్కసారే విభజన చెందడం కూడా ఆయన అంతకు ముందే చూశాడు.

మిథిలీన్ బ్లూ మీ బడి ప్రయోగశాలలో కూడా ఉండవచ్చు. క్షయ క్రిములతో మనకు పని లేదు, పాలతో ఇటువంటి ప్రయోగమే చేయవచ్చు. మీ మాస్టారి సమక్షంలో 2 పరీక్ష నాళికలు తీసుకోండి. ఒకదానిలో అప్పుడే పిండిన పచ్చి పాలు, రెండోదానిలో పొద్దున పిండి మధ్యాహ్నం దాకా బయట ఉంచిన పచ్చి పాలు పోయండి. రెండిట్లోనూ మిథిలీన్ బ్లూ పలచని ద్రావణం సమానంగా కలిపి, మూతి బిగించి, గోరువెచ్చని నీటిలో నిలబెట్టండి. నిల్వ పాలలో నీలం త్వరగా పోయి తెల్లబడుతుంది. తాజా పాలలో చాలాసేపు నిలుస్తుంది. పాలలోని బాక్టీరియాలు ఆక్సిజన్ అవగొట్టడం వల్లనే రంగు పోతుంది. తెల్లబడిన నాళికను గాలి తగిలేలా కుదిపితే నీలం తిరిగి కనిపించడం కూడా చూడవచ్చు. పాల నాణ్యత కనుక్కోవడానికి వాడుతూ వచ్చిన పరీక్ష ఇదే. ప్రయోగం అయ్యాక ఆ పాలు పారబోయండి, ఎవరూ తాగకూడదు సుమా!

క్రిమి ఎలా నిద్రపోతుంది?

మన శరీరం క్షయ క్రిమిని చూస్తూ ఊరుకోదు. రక్షణ కణాలు దాని చుట్టూ గోడ కట్టినట్టు చేరి చిన్న గడ్డలాగా బంధిస్తాయి. ఆ గడ్డ నడుమకు రక్తనాళాలు సరిగా పోవు, ఆక్సిజన్ తగ్గిపోతుంది. కుందేళ్ళలోనూ కోతులలోనూ ఇటువంటి గడ్డల్లో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉందని 2008లో ప్రత్యక్షంగా చూపించారు.

ఆక్సిజన్ తగ్గిందని క్రిమికి తెలియాలి కదా! దానికి పసిగట్టే మాంసకృత్తులు ఉన్నాయి. వాటిలో హీమ్ అనే ఇనుముతో కూడిన భాగం ఉంటుంది. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునేది కూడా హీమ్‌తోనే. మనం ఆక్సిజన్ మోయడానికి వాడే పరికరాన్నే క్రిమి ఆక్సిజన్ ఉందో లేదో కనుక్కోవడానికి వాడుకుంటోంది! లేదని తేలగానే డెవ్-ఆర్ అనే మాంసకృత్తు చురుకై, సుమారు 50 జన్యువులను ఒక్కసారిగా పనిలోకి దింపుతుంది. ఈ డెవ్-ఆర్‌ను వెలికితీసి పరిశోధించిన వారిలో ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన జయా శివస్వామి త్యాగి ముఖ్యులు. విడిగా పరిశోధించిన మరికొందరు దీన్నే డాస్-ఆర్ అన్నారు.

ఆ తరవాత క్రిమి మూడు పనులు చేస్తుంది. విభజన మానేస్తుంది. కరువు రాబోతోందని గాదె నింపుకున్న రైతులాగా తనలో కొవ్వు దాచుకుంటుంది. ఆక్సిజన్ చేయవలసిన పనిలో కొంత నైట్రేటుతో నడిపించుకుంటుంది. ఇలా దీపం వత్తి తగ్గించినట్టు బతుకును తగ్గించుకుంటుంది. దీపం ఆరిపోదు.

ఇన్ఫెక్షన్ సోకిన అందరికీ జబ్బు రాదు. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగో వంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు క్షయ క్రిమి సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో జీవితకాలంలో జబ్బు పడేది 5 నుంచి 10 శాతం మందే. తిండి చాలకపోయినా, చక్కెర జబ్బు వచ్చినా, ఎయిడ్స్ వంటి వ్యాధితో రక్షణ శక్తి తగ్గినా గడ్డ గోడ బలహీనపడుతుంది. గడ్డ పగిలి గాలి గొట్టంలోకి తెరుచుకుంటే ఆక్సిజన్ వస్తుంది. క్రిములు లేచి కోట్లకొద్దీ పెరిగి దగ్గుతో బయటపడతాయి.

ఆరు నెలలు ఎందుకు?

ఇప్పుడు మాత్రల సంగతికి వద్దాం. మామూలు క్షయకు మొదటి 2 నెలలు నాలుగు మందులు ఇస్తారు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. తరవాతి 4 నెలలు పైరజినమైడ్ ఆపి మిగతా మూడూ కొనసాగిస్తారు.

ఐసోనియాజిడ్ క్రిమి కణకవచం కట్టుబడిని దెబ్బతీస్తుంది. గోడ కడుతున్న ఇంటినే కదా కట్టుబడిలో చెడగొట్టగలం! పెరుగుతున్న క్రిములు దీనికి మొదటి వారాల్లోనే కుప్పకూలుతాయి. దగ్గు, జ్వరం తగ్గేది అందువల్లే. పెరగకుండా నిద్రలో ఉన్న క్రిమికి మాత్రం ఈ మందు పెద్దగా తగలదు. మెల్లగా బతుకుతున్నవాటినీ, అప్పుడప్పుడు కాసేపు లేచేవాటినీ రిఫాంపిసిన్, పైరజినమైడ్ వెతికి పట్టుకోవాలి. నిద్రకు ఆక్సిజన్ కొరత ఒక్కటే కారణం కాదు. ఆమ్లత్వం, ఆహారం లేమి కూడా క్రిమిని మందగింపజేస్తాయి. కారణం ఏదైనా, మెల్లగా బతికేదాన్ని మెల్లగానే చంపగలం.

అంటే దగ్గు తగ్గిన రోజున చచ్చినవి మేలుకొని ఉన్న క్రిములు. నిద్రపోతున్నవి ఇంకా ఉన్నాయి. రోగికి ఆ తేడా తెలియదు. ఒంట్లో బాగుంది కాబట్టి జబ్బు పోయిందనుకుంటాడు.

ఇది ఊహ కాదు. కొత్త మందులు కలిపి 4 నెలలకే చికిత్స ముగించి చూసిన పెద్ద పరిశోధనల ఫలితాలు 2014లో వచ్చాయి. 4 నెలలు వాడినవారిలో జబ్బు తిరగబెట్టడం 6 నెలల వారికంటే ఎక్కువగా కనిపించింది. 2021లో మాత్రం రిఫాపెంటిన్, మాక్సిఫ్లాక్సాసిన్ అనే మందులు కలిపిన ఒక 4 నెలల చికిత్స 6 నెలలదానికి తీసిపోదని తేలింది. అక్కడ కూడా మందులను మార్చి గడువు తగ్గించారు. ఎవరికి వారు క్యాలెండరు చూసుకుని తగ్గించుకోలేదు.

తప్పు ఎవరిది?

‘చదువులేనివాళ్ళు, చెప్పినా వినరు’ అని కొందరు తేలికగా అనేస్తారు. నేను ఒప్పుకోను.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం వెలిసింది. మంచి గాలి, మంచి తిండి, పడక విశ్రాంతి ఆనాటి వైద్యం. ఏ పేదవాడు నెలల తరబడి పని మానుకుని వెళ్ళి పడుకోగలడు? 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టి ఈ ప్రశ్ననే పరీక్షకు పెట్టారు. నగరంలోని పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచి, కొందరికి ఇంటి దగ్గరే ఉండనిచ్చి, అవే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. ఇరుకు ఇళ్ళు, చాలీచాలని తిండి అయినా ఇంటి దగ్గర మందు వాడినవారు శానిటోరియం వారితో దాదాపు సమానంగా కోలుకున్నారు. 1959లో ప్రచురించిన ఈ ఫలితం ప్రపంచంలో క్షయ వైద్యాన్నే మార్చివేసింది.

ఇది మనం గర్వపడవలసిన సంగతి. దీనితో ఒక బాధ్యత కూడా వచ్చింది. శానిటోరియంలో నర్సమ్మ దగ్గరుండి మాత్ర మింగించేది. ఇంటి దగ్గర ఆ నర్సమ్మ ఎవరు? రోగికి ‘మింగు’ అని చెబితే సరిపోదు, ‘ఎందుకు మింగాలో’ చెప్పినవాళ్ళు ఎవరు? గుంట దగ్గర రాత్రంతా మేలుకునే మనిషి మాత్రల కోసం పగలు పని వదులుకుని తిరగాలి. మాత్రలకు కడుపులో తిప్పుతుంది. రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా వస్తే రక్తం పోతోందని హడలిపోతాడు. జబ్బు పేరు బయటపడితే ఇరుగుపొరుగు దూరం జరుగుతారని భయం. ఇన్నిటి మధ్య ఒళ్ళు బాగుపడగానే ఆపేయడం మూర్ఖత్వం కాదు. కళ్ళకు కనిపించినదాన్ని నమ్మడం. కనిపించనిదాన్ని చూపించడం సైన్సు పని. ఆ పనిలో తప్పినవాళ్ళం చదువుకున్న మేము.

నా శిష్యుడి నాయనకు ఏడాది తిరగకుండానే దగ్గు మళ్ళీ పట్టుకుంది. మధ్యలో మానేసిన మందులకు క్రిములు మొండికెత్తే ప్రమాదం ఉంది కాబట్టి పరీక్షలు చేసి, ఈసారి చికిత్స మరింత కాలం నడిపారు. ఆయన బతికాడు. ఆయన కోలుకునేదాకా రాత్రిపూట గుంట దగ్గర టార్చిలైటు పట్టుకుని తిరిగింది ఆ కుర్రవాడే. వాడు పరీక్షకు రాలేదు. ఏడాది పోయింది.

మీరు చేయగలిగిన పని

ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. అంటే ఈ మాటలు చదువుతున్న మీలో ఎవరో ఒకరి ఇంటిలోనో, వీధిలోనో రోగి ఉండే ఉంటారు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించుకోమని చెప్పండి. ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితం. రోగి తిండి ఖర్చుకు కేంద్ర ప్రభుత్వం 2018లో నెలకు 500 రూపాయలతో మొదలుపెట్టిన సహాయాన్ని 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు చేసింది. ఈ సంగతి తెలియని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి.

ఇంట్లో ఎవరైనా మాత్రలు వాడుతుంటే గోడకు క్యాలెండరు తగిలించి, మింగిన రోజుకల్లా మీరే ఒక గీత పెట్టండి. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మనండి. మందు మార్చవలసింది, ఆపవలసింది ఆయనే. క్షయ రోగి బిడ్డ మీ పక్కన కూర్చుంటే బల్ల మారకండి. మందు సరిగా వాడుతున్న రోగి నుంచి ఇతరులకు సోకే ప్రమాదం త్వరగా తగ్గిపోతుంది. దాచుకున్న జబ్బు, మధ్యలో మానేసిన మందు, ఈ రెండిటివల్లే ప్రమాదం ఎక్కువ.

మాస్టార్లకు కూడా ఒక మాట. ‘వాయుసహిత శ్వాసక్రియ, అవాయు శ్వాసక్రియ, భేదములు తెల్పుము’ అని పట్టిక గీయించి 4 మార్కులు వేసి ఊరుకుంటున్నాం. ఆ పట్టిక పక్కన ఒక మాత్రల అట్ట పెట్టి ఆ పాఠం చెప్పండి. భేదం పిల్లలకు జన్మలో మరుపురాదు.

నేను ఇప్పుడు పరీక్షలో ‘ఆక్సిజన్ లేనిదే ఏ జీవీ బతకదు’ అన్న వాక్యానికి మార్కు వేయడం లేదు. ఏ పిల్లవాడైనా ఎదురుపడి, “తగ్గిపోయింది సార్, మాత్రలు ఆపేశారు” అంటే, ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళుతున్నాను.